నీలి దున్న... భూమి పాట!

డిసెంబరులో సూర్యుడు నాలుగు గంటలు కూడా కనిపించడు. జూన్‌ వచ్చిందంటే అస్తమించడానికే బద్ధకిస్తాడు. చలి ముదిరితే ఉష్ణోగ్రత మైనస్‌ నలభైకి పడిపోతుంది. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, ఆర్కిటిక్‌ వలయానికి సుమారు 200 కిలోమీటర్ల దిగువన ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్‌ పట్టణం సంగతిది. ఆకాశంలో ఆకుపచ్చ తెరల్లా ఆడే ధ్రువకాంతుల కోసం అక్కడికి వెళ్లేవాళ్లు పగటిపూట చూసితీరాల్సిన చోటు ఒకటుంది. అదే అలాస్కా విశ్వవిద్యాలయం వారి ‘మ్యూజియం ఆఫ్‌ ద నార్త్‌’. మంచుకొండలు ఒకదానిమీద ఒకటి ఒరిగినట్లుండే ఆ తెల్లటి భవనంలో ఎముకలు, బంగారం, బొమ్మలు, సంగీతం... అన్నీ ఒక్క కప్పు కిందే!

ఆరుగురు విద్యార్థులతో...
ఈ విశ్వవిద్యాలయం 1922లో ఆరంటే ఆరుగురు విద్యార్థులతో తలుపులు తెరిచిన చిన్న కళాశాల. అప్పట్లో చుట్టుపక్కల బంగారు గనుల్లో మామత్‌ల ఎముకలు కుప్పలుగా బయటపడేవి. వాటిలో చాలాభాగం పెట్టెలకెక్కి ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలోని న్యూయార్క్‌కు తరలిపోయేది. ఈ నేలలో దొరికింది ఈ నేలమీదే ఉండాలంటే దాచుకునే చోటు కావాలి కదా! కళాశాల అధ్యక్షుడు చార్లెస్‌ బనెల్‌ ఆ పనికి పూనుకున్నారు. జర్మనీ నుంచి వలసొచ్చిన ఆటో గైస్ట్‌ అనే సాహసికి సేకరణ బాధ్యత అప్పగించారు. 1926లో ఆయన బేరింగ్‌ సముద్రంలోని సెయింట్‌ లారెన్స్‌ దీవికి వెళ్లాడు. 1930ల్లో అక్కడి యూపిక్‌ తెగవారి సాయంతో కుకులిక్‌ అనే పాత ఊరి దిబ్బను తవ్వి, వాల్రస్‌ దంతంతో చెక్కిన వస్తువులెన్నో వెలికితీశాడు. అలా మొదలైన సేకరణలో ఇప్పుడు ఇరవై లక్షలకు పైగా వస్తువులూ నమూనాలూ ఉన్నాయి. అలాస్కా గ్యాలరీలో సందర్శకులను పలకరించే దాదాపు తొమ్మిది అడుగుల గోధుమరంగు ఎలుగుబంటికి గైస్ట్‌ పేరే పెట్టుకున్నారు... ఆటో అని!

ఒక్క కబురు చేసిన మేలు
అయితే అందరి చూపూ ఆగిపోయేది ‘బ్లూ బేబ్‌’ దగ్గరే. అదో అడవిదున్న. 1979లో ఫెయిర్‌బ్యాంక్స్‌ దగ్గర చిన్న బంగారు గని నడుపుకునే ఓ కుటుంబం, గడ్డకట్టిన మట్టిని నీటిధారతో కరిగిస్తుంటే బయటపడింది. మామూలుగా దొరికేవి ఎముకలే. దీనికి చర్మం, కండ కూడా ఉన్నాయి! వాళ్లు వెంటనే విశ్వవిద్యాలయానికి కబురు పెట్టారు. డేల్‌ గత్రీ అనే శాస్త్రవేత్త పరుగున వచ్చారు. ఎండ తగిలితే కుళ్లిపోతుంది కాబట్టి, మంచు వదిలించుకున్న దాన్ని వదిలించుకున్నట్టే తీసుకెళ్లి మళ్లీ గడ్డకట్టించారు.

ఆపైన మొదలైంది అసలు పరిశోధన. తోలు మీద గోళ్ల గాట్లు, పళ్లు దిగిన గుర్తులూ కనిపించాయి. ఒకప్పుడు అలాస్కాలో తిరిగిన సింహాలు దాన్ని చంపాయన్నమాట. శీతకాలపు బొచ్చు, ఒంట్లోని కొవ్వు చూస్తే అది చలిరోజుల్లో చనిపోయిందని తేలింది. సింహాలు తిని ముగించేలోపే కళేబరం రాయిలా గడ్డకట్టింది. మరి ఆ నీలిరంగు? శరీరంలోని భాస్వరం మట్టిలోని ఇనుముతో కలిసి వివియనైట్‌ అనే ఖనిజంగా మారింది. గాలి తగిలేసరికి అది నీలంగా తేలింది! దాని వయసు 36 వేల ఏళ్లని మొదట లెక్కకట్టారు. అంతకన్నా పాతదేనని తర్వాతి పరీక్షలు చెబుతున్నాయి. ఇంకో విచిత్రం... 1984లో పని ముగిసిన సంబరంలో గత్రీ బృందం దాని మెడ మాంసం చిన్న ముక్కతో కూర వండుకుని రుచి చూసింది!

మరుగుదొడ్డీ కళే!
పైఅంతస్తులోని రోజ్‌ బెర్రీ గ్యాలరీలో రెండు వేల ఏళ్ల అలాస్కా కళ కొలువై ఉంది. ఇక్కడ ప్రాచీన దంతపు చెక్కడాలు ఒక గదిలో, ఆధునిక చిత్రాలు మరో గదిలో అన్న పట్టింపు లేదు. అన్నీ పక్కపక్కనే. మారుమూల ఇళ్ల పెరట్లో కనిపించే మరుగుదొడ్డిని కూడా ఓ శిల్పి కళాఖండంగా మలిచాడు. పిల్లలు నవ్వుకుంటూ లోపలికి దూరిపోతారు.

ఆ పక్కనే మరో గది... ‘ద ప్లేస్‌ వేర్‌ యూ గో టు లిజన్‌’. అంటే, వినడానికి వెళ్లే చోటు. ఆర్కిటిక్‌ తీరంలోని ఓ స్థలానికి ఇన్యూపియాక్‌ తెగవారు పెట్టుకున్న పేరే దీనికీ స్ఫూర్తి. స్వరకర్త జాన్‌ లూథర్‌ ఆడమ్స్‌ 2006లో దీన్ని రూపొందించారు. 2014లో పులిట్జర్‌ బహుమతి అందుకున్నదీ ఆయనే. ఇక్కడ వాయిద్యకారులెవరూ ఉండరు. సూర్యచంద్రుల గమనం, భూమి లోపలి కదలికలు, ధ్రువకాంతుల వేళ అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పులు... ఈ సమాచారమంతా కంప్యూటర్‌ చేతిలో ఎప్పటికప్పుడు ధ్వనిగా మారిపోతుంది. భూమి కంపిస్తే అడుగునుంచి డోలు మోగినట్టుంటుంది. ధ్రువకాంతులు ఆడితే పైనుంచి చిరుగంటల సవ్వడి. పొద్దును బట్టి గాజుపలకల రంగూ మారుతుంది. ఈ నిమిషంలో విన్నది మరో నిమిషంలో వినబడదు!

కరిగిపోకముందే...
నీలి దున్నను వేల ఏళ్లు కాపాడింది అక్కడి గడ్డకట్టిన నేల. ఇప్పుడా నేలకే కష్టమొచ్చింది. ప్రపంచ సగటుకన్నా రెండు రెట్లకు పైగా వేగంతో అలాస్కా వేడెక్కుతోంది. మంచు కరిగినచోట కొత్తవెన్నో బయటపడొచ్చు. చూసినవాళ్లు చెప్పకపోయినా, చెప్పినా దాచేచోటు లేకపోయినా అవి కొద్దిరోజుల్లోనే మట్టిలో కలిసిపోతాయి. ఆనాడు ఆ గని కుటుంబం బంగారం పనిలో పడి కబురు పెట్టడం మానేసి ఉంటే, ఆ దున్న కథ మనదాకా వచ్చేదే కాదు. అదే మ్యూజియంలో అలాస్కా బంగారమూ తళతళలాడుతూ ఉంటుంది. కానీ జనం గుమిగూడేది మాత్రం నీలి దున్న చుట్టూనే!