కందకుర్తి: గంగ ఒడ్డున ఓ పూట నడక

కందకుర్తికి నడకకు పోదామనుకుంటే ముందు పేపర్లో జిల్లా పేజీ తిరగెయ్యాలి. ఓ మూలన చిన్న పెట్టెలో శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీటిమట్టం వేస్తారు. పూర్తిమట్టం 1091 అడుగులు. అంకె దాని దగ్గర్లో ఉందంటే మీరు నడవాలనుకున్న ఒడ్డు నీళ్ల కింద ఉన్నట్టే. బాగా దిగిందంటే బూట్లు బయటికి తీయొచ్చు.

నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని ఈ ఊరి దగ్గరే గోదావరి, ఇక్కడివాళ్ల మాటలో గంగ, తెలంగాణలోకి వస్తుంది. మంజీర, హరిద్ర ఇక్కడే కలుస్తాయి. కార్తీక స్నానాలకు, శివరాత్రికి, అస్థికలు కలపడానికి వచ్చేవాళ్లతో త్రివేణి సంగమం నిండుతుంది గానీ నడవాలని వచ్చేవాళ్లు అరుదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపే ఫొటోలు చూస్తుంటాం: నది వెంట చుట్టుబాట, చెట్లకు రంగు గుర్తులు, మలుపు మలుపుకో బోర్డు. కందకుర్తిలో అవేవీ లేవు. ఉన్నా నిలవవు కూడా. ఇక్కడి బాట నెలనెలా మారుతుంది. దాన్ని మార్చేవి గేట్లు.

పైన మహారాష్ట్రలోని ధర్మాబాద్ తాలూకాలో బాబ్లీ బ్యారేజీ ఉంది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దాని 14 గేట్లు జులై 1న లేపి అక్టోబర్ 28 దాకా తెరిచే ఉంచాలి. ఆ తర్వాత దించేస్తారు. మార్చి 1న మాత్రం 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. కాబట్టి వానకాలమంతా పైనుంచి వరద, కిందినుంచి శ్రీరాంసాగర్ వెనుక జలాలు. మధ్యలో మనకు చోటు లేదు. నడక లెక్క దీపావళి దాటాకే మొదలుపెట్టాలి. డిసెంబర్‌లో నీళ్లు ఇంకా అంచుల్లోనే ఉంటాయి. చూడ్డానికి ఆ నెల బాగుంటుంది. యాసంగి పొలాలకు కాలువలు పారేకొద్దీ ప్రాజెక్టు దిగుతుంది, ఇక్కడ ఒడ్డు వెడల్పవుతుంది. నన్నడిగితే మాఘమాసం. ఎండ ముదరదు, నదిలో ఉన్న పాత రాతి శివాలయం నీళ్లలోంచి బయటపడే రోజులూ అవే. వరదలో ఆ గుడి మునుగుతుంది, నీళ్లు తగ్గితే తేలుతుంది. ఏటా పేపర్లకు అదొక ఫొటో.

మంజీర సంగతి వేరు. బీడ్ దగ్గరి బాలాఘాట్ కొండల్లో పుట్టి, తూర్పుకు సాగి, సంగారెడ్డి వైపు వచ్చాక ఉత్తరానికి తిరిగే నది ఇది. మెతుకుసీమలో సింగూరు, ఆ తర్వాత నిజాంసాగర్ దాన్ని పట్టుకుంటాయి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువే బోధన్ నల్లరేగళ్లను చెరుకు తోటలు చేసింది. ఆ చెరుకును చూసుకునే 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. మొత్తానికి కందకుర్తి దాకా వచ్చే మంజీర, హైదరాబాద్ పట్నం తాగగా, పొలం తాగగా మిగిలింది. ఇసుక లారీలకు మిగిలింది అనేవాళ్లూ ఉన్నారు.

ఇక నడక. బోధన్ నుంచి గానీ నిజామాబాద్ నుంచి గానీ రెంజల్ మీదుగా రోడ్డుంది. ముందు వంతెన దాకా పోయి నీళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. అక్కడ లారీలు ఆగకుండా తిరుగుతాయి, సెల్ఫీలకు నిలబడే చోటు కాదు. బండి ఊళ్లో పెట్టి, పాత ఇళ్ల మధ్యనుంచి ఘాట్‌కు దిగండి. ఘాట్ నుంచి ప్రవాహం పోయే దిక్కున నీటి అంచు వెంట ఓపికున్నంత దూరం పోయి, వచ్చేటప్పుడు పొలం గట్ల మీదుగా ఊరికి తిరగండి. పోయిన దారి రాకుండా చుట్టు పూర్తవుతుంది. మొత్తం మూడు నాలుగు కిలోమీటర్లు మించనీయకండి. ఎక్కడా ఎత్తెక్కేది లేదు. పంటలున్న గట్టు ఎక్కేముందు రైతును ఒక్కమాట అడగడం మర్యాద.

జాగ్రత్త పడాల్సింది ఒండ్రుతోనే. నీళ్లు వెనక్కి పోయినచోట అది ఎండి పెంకుల్లా పగులుతుంది. పైన బూడిద రంగు, గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. పగులులో కట్టె గుచ్చి చూస్తే జానెడు లోపల నల్లటి జిగట. పెంకు అంచులు పైకి లేచి, పగులు వేలు పట్టేంత వెడల్పుంటే కాలు ఆగుతుంది. పగుళ్లు సన్నగా, మట్టి నిగనిగలాడుతుంటే ఆగదు. పశువుల గిట్టల జాడ పట్టి నడవడం మేలు, ఆవులవైతేనే. బర్రెలు బురదను వెతుక్కుంటూ పోతాయి. వలలు సర్దుకునే గంగపుత్రులెవరైనా "అటు వోకున్రి, దిగవడ్తరు" అన్నారంటే ఇక తర్కం పెట్టకండి. ఈత వచ్చినా సంగమంలో లోతుకు దిగకండి. ఇసుక తీసిన గుంతలు పైకి కనిపించవు.

పొద్దున ఆరున్నరకు మొదలుపెడితే తొమ్మిదికల్లా అయిపోవాలి. వేసవిలో ఇక్కడ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, ఒడ్డున నీడ లేదు. నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోవాలి. జొన్నరొట్టె, ఇంత పప్పు, ఉల్లిగడ్డ ఉంటే చాలు.

వెంట పెద్దవాళ్లుంటే వాళ్లను ఒండ్రులోకి లాగొద్దు. ఎడపల్లి దగ్గర అలీసాగర్ ఉంది. నిజాంసాగర్ కాలువ నీళ్లు నిలిపే జలాశయం, తోట, గుట్ట మీద నిజాం కాలపు విడిది. కూర్చోడానికి అక్కడ నీడ దొరుకుతుంది. జింకలంటే ఇష్టమున్నవాళ్లు ఎండాకాలం నందిపేట వైపు వెనుక జలాలకు పోవాలి. నీళ్లు తగ్గినచోట మొలిచే గడ్డికి కృష్ణజింకలు మందలుగా వస్తాయి. దూరం నుంచే చూడాలి, బైకు మీద తరమడం సరదా కాదు.

ఒక్క ఫిర్యాదు. గంగలో వదిలే పాత బట్టలు, దేవుడి పటాలు, పూజ కవర్లు నీళ్లు తగ్గాక ఒడ్డునే తేలుతున్నాయి. గాజుపెంకులుంటాయి, చెప్పుల్లేకుండా నడవొద్దు. పటం గంగలో వేస్తే పుణ్యమని చెప్పిందెవరో గానీ, ఏరుకోవాల్సింది వాళ్లే.

2015 పుష్కరాలకు జనం విరగబడ్డ ఘాట్లివి. మళ్లీ 2027లో వస్తున్నాయి. ఏర్పాట్ల డబ్బులో కొంత తీసి ఘాట్ నుంచి పొలం గట్టు దాకా నాలుగు నీడ చెట్లు నాటితే మంచిదే. నడవాలనుకునేవాళ్లు మాత్రం ఆ లోపే పోయిరండి. ఆ పన్నెండు రోజులు అక్కడ నిలబడ్డానికి కూడా చోటు దొరకదు.