రాజ్యమునకు సాక్షులు

విజయవాడ నుండి హైదరాబాదునకు పోవు రహదారిపై, నాటి కృష్ణా జిల్లా పొలిమేర దాటినంతనే తగులు పెద్ద ఊరు కోదాడ. 1948 సెప్టెంబరు 13వ తేదీ ఉదయమున భారతసైన్యము ఈ దారినే నైజాము రాజ్యమున ప్రవేశించి, సాయుధశకటముల ప్రతిఘటన నెదుర్కొనుచు ఎనిమిదిన్నర గంటలకు కోదాడను, ఆ సాయంకాలములోగా మునగాలను చేరెను. వెనుదిరిగిన నైజాము సేనలు సూర్యాపేట చెంత మూసీ వంతెనను కూల్చిపోయినను, కూల్చినచోట కాపు నిలువకపోవుటచే, సైన్యము దానిని త్వరలోనే బాగుచేసికొని ముందునకు సాగెను. ఐదవ దినమున నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను. ఈ వృత్తాంతమును మనము యుద్ధకథగనే చెప్పుకొనుచున్నాము. కాని దానియందే మరియొక కథయు ఇమిడియున్నది. ఒక ప్రభుత్వము తాను స్వతంత్రమని చాటుకొన్నంత మాత్రమున లోకము, అందును లోకపు ధనసంస్థలు, దానిని రాజ్యముగా నెంచునా యనునదియే ఆ కథ.

హైదరాబాదునకు ఏమి కొదువ? సొంత తపాలా ఉండెను; సొంత రైలుమార్గములుండెను; 1941 నాటి చట్టముచే నేర్పడిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఉండెను. నిజామును ప్రపంచమున మిక్కిలి ధనవంతునిగా వర్ణించుచు అమెరికాలోని టైమ్ పత్రిక 1937లో ఆయన చిత్రమును ముఖపత్రముపై వేసెను. అన్నిటికిని మించి సొంత నాణెముండెను. నాటి వెండి హాలీ రూపాయిని చేతబట్టి చూచినచో ఒకవైపున చార్మినారును, ఆ చార్మినారు నడిమి కమానులో ఉస్మాను నామమునకు తొలి అక్షరమైన ‘ఐన్’యు కనబడును. ఇంగ్లీషువారి రూపాయిని మన పెద్దలు కల్దారు అనెడివారు. సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారులు మారకముగా దొరకుచుండెడివి. మునగాల పరగణా చుట్టును నైజాము భూమియే యైనను తాను మాత్రము మద్రాసు ప్రెసిడెన్సీలోనిదగుటచే, ఈ ప్రాంతపు వర్తకునికి రెండు నాణెముల లెక్కయు కంఠస్థమై యుండవలసి వచ్చెను.

ఇన్ని యుండియు లేనిది సాక్షులు. భూమి మనదే కావచ్చును, పైకము మనమే చెల్లించి యుండవచ్చును, దస్తావేజు చక్కని కాగితముపై వ్రాసియుండవచ్చును. సాక్షులు సంతకము చేయనిదే రిజిస్ట్రారు దానిని స్వీకరింపడు. దేశముల మధ్య ఆ సాక్ష్యమునే దౌత్యభాషలో గుర్తింపు అందురు. అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు అను రెండు మహాసంస్థల ద్వారములు తెరచుకొనవలెనన్న ఈ సాక్ష్యము తప్పనిసరి.

1944 జులైలో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్ అను చోట నలుబదినాలుగు దేశముల ప్రతినిధులు కూడి ఈ సంస్థలకు రూపకల్పన చేసిరి. స్వాతంత్ర్యము రాకపూర్వమే చింతామణి దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి మొదలగువారితో భారత ప్రతినిధివర్గము ఆ సభయందు పాల్గొనెను. తత్ఫలితముగా మన దేశము ఆ సంస్థలకు వ్యవస్థాపక సభ్యురాలాయెను. దేశవిభజన పిమ్మట భారతదేశమునకు ఆ సభ్యత్వము అట్లే నిలిచెను. పాకిస్తాను మాత్రము క్రొత్తగా దరఖాస్తు చేసికొని 1950లో ప్రవేశించెను. ఇప్పటికిని పద్ధతి అదియే. క్రొత్త రాజ్యము దరఖాస్తు పంపును. తన విదేశవ్యవహారములను తానే నడుపుకొనుచున్నదా, సభ్యత్వపు బాధ్యతలను మోయగలదా యని నిధి పరిశీలించును. దాని ఆర్థికస్తోమతను బట్టి కోటా, అనగా చెల్లించవలసిన వంతు, నిర్ణయమగును. పిదప సభ్యదేశముల గవర్నర్లు ఓటు వేయుదురు. ఆ వంతులో నాల్గవ భాగము లోకమెల్ల చెల్లు ద్రవ్యముగను, మిగిలినది సొంత నాణెముగను చెల్లించి, వాషింగ్టనులో నిబంధనలపై సంతకము చేసిన నాడు ఆ దేశము సభ్యురాలగును. నిధిలో చేరనిదే ప్రపంచ బ్యాంకులో స్థానము లేదు.

ఈ ఓట్లు దేశమునకొకటి చొప్పున ఉండవు. అధికముగా ధనము పెట్టిన దేశమునకు అధికమైన బలము; అమెరికాకు నూటికి పదహారు పైచిలుకు, భారతదేశమునకు సుమారు రెండున్నర. కాని ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో వలె ఒక్క దేశము చేయెత్తి నిరాకరించినంత మాత్రమున క్రొత్తవాని ప్రవేశమునకు అడ్డుకట్ట పడదు. కనుకనే మిత్రదేశములు ముందుగా తాము గుర్తించుట, ఇతర రాజధానులకు దూతలనంపి నచ్చజెప్పుట, కోటా సొమ్మునకు దారి చూపుట అను పనులకు ఇచ్చట విలువ మెండు.

హైదరాబాదు ఈ గడపవరకైనను రాలేదు. 1947 నవంబరు 29న భారతదేశముతో జరిగిన యథాతథపు ఒడంబడిక ప్రకారము విదేశవ్యవహారములు ఢిల్లీ చేతనే నిలిచెను. అటుపిమ్మట హైదరాబాదు ప్రభుత్వము ఇరువది కోట్ల రూపాయల విలువగల భారత ప్రభుత్వ ఋణపత్రములను పాకిస్తానునకు అప్పుగా నిచ్చినది. భారత రూపాయి చెలామణిపై ఆంక్ష విధించినది. ధనముతో మైత్రిని కొనజూచిన ఈ చర్యలు ఢిల్లీతో వైరమును పెంచినవేకాని క్రొత్త సాక్షి నొక్కనిని తేలేదు. 1948 ఆగస్టులో భద్రతామండలికి ఫిర్యాదు చేయగా, పారిస్‌లో హైదరాబాదు ప్రతినిధులైన మొయిన్ నవాజ్ జంగ్ ప్రభృతులు దానిని వినిపించునప్పటికి భారతసైన్యము సూర్యాపేటను దాటియుండెను. ఆ సెప్టెంబరులోనే లండనులోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో హైదరాబాదు సొమ్ము పది లక్షల పైచిలుకు పౌండ్లు పాకిస్తాను హైకమిషనరు పేరిటికి మారినవి. ఆ సొమ్ము భారతదేశమునకును నిజాము వారసులకును చెందునని 2019 అక్టోబరులో ఇంగ్లండు న్యాయస్థానము తీర్పు చెప్పునాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లాయెను. మరియొక సంగతియు మరువరాదు. ఆ రాజ్యపు ప్రజలే ఆ రాజ్యమునకు సాక్షులుగా నిలువలేదు. సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలలోని రైతులు వెట్టికిని దొరతనమునకును ఎదురుతిరిగియుండిరి. స్వజనులే ఒప్పుకొనని రాజ్యమును పరులు ఒప్పుకొనవలెనని కోరుట న్యాయము కాదని నా విశ్వాసము.

దీనికి నేరుగా వ్యతిరేకమైనది బంగ్లాదేశ్ ఉదంతము. యుద్ధముచే వంతెనలు కూలి, కోటిమంది శరణార్థులు తిరిగివచ్చుచుండగా, రిక్తమైన ఖజానాతో ఆ దేశము పుట్టెను. కాని 1971 డిసెంబరు 6న భారతదేశమును భూటానును దానిని గుర్తించినవి. కొలది మాసములలోనే పెక్కు దేశములు అనుసరించినవి. 1972 ఆగస్టులో చైనా తన నిషేధాధికారముతో దానిని ఐక్యరాజ్యసమితిలోనికి రానీయక, 1974 వరకు వాకిటనే నిలిపినను, ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు మాత్రము 1972లోనే దానిని చేర్చుకొన్నవి. 2008లో స్వాతంత్ర్యము ప్రకటించిన కొసావోను భారతదేశము నేటికిని గుర్తింపలేదు, అది సమితిలోనికిని రాలేదు. అయినను తగినన్ని ఓట్లు పొంది 2009 జూన్‌లో ఈ సంస్థలలో చేరినది. ద్రవ్యనిధి కార్యనిర్వాహకమండలిలో భారత, బంగ్లాదేశ్, శ్రీలంక, భూటానులకు కలిపి ఒకే ఆసనము. రిజర్వు బ్యాంకు గవర్నరు కాకపూర్వము మన కడప జిల్లావారైన వై.వి. రెడ్డిగారు ఆ ఆసనమునుండి ఈ నాలుగు దేశముల పక్షమునను మాటలాడిరి.

2014 జూన్ 2న పుట్టిన తెలంగాణమునకు ఇట్టి సాక్షుల యవసరము లేదు. రాజ్యాంగపు 293వ అధికరణము రాష్ట్రములకు దేశములోపలనే అప్పు చేయుటకు వీలిచ్చినది. విదేశీ ఋణమును కేంద్రమే తీసికొని అందించును. దీని ఫలితమును మిర్యాలగూడ, కోదాడ ఆయకట్టులలో ప్రత్యక్షముగా చూడవచ్చును. 1967లో నీరు వదలిన నాగార్జునసాగర్ ఎడమకాలువ కట్టలు కోసికొనిపోయి, తూముల తలుపులు తుప్పుపట్టి, ఎగువన మూడు తడులు పారినచోట చివరి పొలములు ఒక తడికై ఎదురుచూచు దుఃస్థితి దాపురించగా, 2010లో ప్రపంచ బ్యాంకు నలుబదియైదు కోట్ల డాలర్లకు పైబడిన ఋణము మంజూరు చేసినది. కాలువలకు లైనింగు, తూములకు క్రొత్త షట్టర్లు ఆ ధనముతో సమకూరినవి. రాష్ట్రవిభజనతో ఆ పథకమును రెండుగా పంచవలసివచ్చినది. ఉమ్మడి అప్పులు సైతము సామాన్యముగా జనాభా ననుసరించి 58.32, 41.68 పాళ్లుగా విడినవి.

ఇట్టి ఒప్పందముల సారమును తెలుగున అచ్చువేయించి, ఎంత అప్పు, ఎన్ని యేండ్లు, ఏ మేజరు కాలువకు ఎంత పనియను వివరముతో ప్రతి నీటి సంఘపు కార్యాలయమునను ఉంచవలెనని నా మనవి. ఆ అప్పును తీర్చువారిలో అక్కడి రైతులును ఉన్నారు.