ఊరెళ్తే... కుక్కనెవరు చూస్తారు?

ఇల్లు తాళం వేసి ఆరు నెలలు అమెరికా వెళ్ళాలి. పొలానికి కౌలుదారు ఉన్నాడు, కొబ్బరిచెట్లకు దింపువాడు ఉన్నాడు. గుమ్మంలో పడుకున్న కుక్కకే ఎవరూ లేరు. ఇంటినీ, పెంపుడు జంతువునీ కలిపి చూసుకునే మనిషిని వెతికిపెట్టే వెబ్‌సైట్లు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. అవి ద్రాక్షారామం దాకా రావాలంటే ఏం మారాలి?

డల్లాస్ నుంచి ఫోనొస్తుంది. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. అమ్మ రావాలి, అమ్మతోపాటు నాన్నా రావాలి. విజిటర్ వీసా మీద వెళ్తే సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. ద్రాక్షారామం, రామచంద్రపురం వైపు ఇళ్ళకు ఇలాంటి ఫోన్లు కొత్తేం కాదు. సున్నుండలు చుట్టడం, కారప్పొడులు కొట్టించడం, ఆవకాయ సీసాకి నాలుగు కవర్లు తొడగడం... అన్నీ అయిపోతాయి. కౌలు డబ్బులు ఎవరికి చేర్చాలో, కొబ్బరికాయల దింపు ఎవరు చూసుకోవాలో చెప్పేస్తారు. మిగిలేది ఒకే ఒక్క ప్రశ్న. అది అరుగు మీద గడ్డం ఆనించి పడుకుని, విప్పి పెట్టిన సూట్‌కేసు వంక అనుమానంగా చూస్తూ ఉంటుంది.

వెంట తీసుకెళ్దామా అంటే అదో యజ్ఞం. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా నిబంధనలు బిగించింది. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది. ఇక్కడినుంచి వెళ్ళే కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, టీకా పత్రాలుండాలి. ఎంపిక చేసిన కొన్ని విమానాశ్రయాల్లోనే దిగాలి. టీకా పనిచేస్తోందని చెప్పే రక్తపరీక్ష లేకపోతే 28 రోజులు క్వారంటైన్. మనవణ్ణి చూడ్డానికి వెళ్ళే తాతకు ఇదంతా అయ్యే పని కాదు.

'ఎవరో ఒకరు చూస్తార్లే' అన్నది తర్వాతి మాట. కార్తీకమాసంలో పంచారామాల బస్సెక్కి అమరావతి, భీమవరం, పాలకొల్లు, సామర్లకోట చుట్టి రావడానికైతే ఆ మాట సరిపోతుంది. ఒక్కరోజుకి పక్కింటివాళ్ళు ఇంత అన్నం పడేస్తారు. పది రోజులకి మొహమాటం మొదలవుతుంది. నెల తిరిగేసరికి గిన్నె ఖాళీ. కాకినాడలో తమ్ముడింట్లో వదిలితే అక్కడ రెండో అంతస్తు, గొలుసు, పొద్దస్తమానం అరుపులు. కొన్ని కుక్కలు తిండి మానేస్తాయి. కొన్ని గొలుసు తెంపుకుని పరిగెడతాయి. వదిలేసి వెళ్ళిపోతే చట్టం ఊరుకోదు కదా అనుకుంటే, ఆ మాటా విందాం: 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం తగిన కారణం లేకుండా పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం నేరమే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు! కుక్క మెడలో గొలుసు కూడా రాదు ఆ డబ్బుకి.

పాలికిచ్చిన రోజులు

పూర్వం ఈ చిక్కు ఇంతగా లేదు. ఇంట్లో పదిమంది ఉండేవారు, అందరూ ఒకేసారి ఊరెళ్ళడం ఎప్పుడోగానీ జరిగేది కాదు. పశువులకైతే 'పాలికివ్వడం' అనే ఏర్పాటే ఉండేది. చూసుకోవడానికి తీరిక లేనివాళ్ళు పెయ్యనో దూడనో మరొకరికి అప్పగిస్తే, వాళ్ళు మేపి పెంచేవారు. ఫలితంలో ఇద్దరికీ వాటా. కాగితం లేదు, సంతకం లేదు. మోసం చేస్తే ఊళ్ళో తలెత్తుకు తిరగలేమన్న భయమే దానికి హామీ.

కుక్క దగ్గరే ఆ లెక్క కుదరదు. దానికి పాడి లేదు, ఈతల్లో పంచుకోవడానికి వాటా లేదు. ప్రేమ ఒక్కటే ఉంది. అది పంచితే వచ్చేది కాదు. మన భారతానికి ఈ సంగతి ముందే తెలుసు. రాజమహేంద్రవరంలో కూచుని నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో తొలి కథల్లోనే సరమ అనే కుక్క ఉంది. తన పిల్లను అకారణంగా కొట్టినందుకు ఏకంగా జనమేజయుణ్ణే నిలదీసింది. చివర్లో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలేస్తే తప్ప స్వర్గం లేదంటే, ఆ స్వర్గమే వద్దన్నాడు. వీసా ఆఫీసులో ఆ వాదన నిలవదనుకోండి.

కుక్క కాలికి దెబ్బ తగిలితే కంపెనీ పుట్టింది

ఇంటర్నెట్‌లో ఈ బేరం మరీ పాతది కాదు. ఆస్ట్రేలియాలో 'హౌస్‌కేరర్స్' 2000లో మొదలైంది. బ్రిటన్‌లో ఆండీ పెక్ 2010లో 'ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్' పెట్టాడు. దీని పద్ధతి తమాషాగా ఉంటుంది. కాపలాకొచ్చేవాళ్ళకు యజమాని జీతమివ్వడు, వాళ్ళు అద్దె కట్టరు. మీ ఇంట్లో ఉంటాం, మీ పిల్లిని చూసుకుంటాం, అంతే. ఇద్దరూ సైటుకు మాత్రం ఏటా చందా కడతారు. పాలికివ్వడానికి ఇది దొరల వెర్షన్!

అమెరికాలోని సియాటిల్‌లో గ్రెగ్ గాట్స్‌మన్ అనే పెట్టుబడిదారు తన కుక్కను ఓ కెన్నెల్లో వదిలి ఊరెళ్ళి వచ్చేసరికి అది గాయపడి ఉందట. ఆ బాధలోంచి 2011లో 'రోవర్' పుట్టింది. ఇది డబ్బు పద్ధతి. రాత్రికింత అని యజమాని ఇస్తాడు, అందులో సైటు తన వాటా కోసుకుంటుంది. 2017లో 'డాగ్‌వకే'ని కలిపేసుకుంది. 2023లో బ్లాక్‌స్టోన్ దాదాపు 230 కోట్ల డాలర్లకు రోవర్‌ని కొంటున్నట్టు ప్రకటించింది, 2024లో కొనేసింది. కుక్కని చూసుకోవడం చిన్న పనేం కాదన్నమాట.

అక్కడి తెలుగువాళ్ళకు ఇది బాగానే ఉపయోగపడుతుంది. డిసెంబరు సెలవుల్లో నెల రోజులు ఇండియాకు రావాలంటే కుక్కకో దారి చూడాలిగా. అయితే ఒక హెచ్చరిక. ఎఫ్-1 వీసా మీద చదువుకునే పిల్లలు నాలుగు డాలర్లొస్తాయి కదా అని ఇతరుల కుక్కల్ని చూసుకోవడం అనుమతి లేని ఉద్యోగం కిందికే వస్తుంది. డబ్బు తీసుకోకపోయినా చిక్కే. 2022లో కెనడా వెళ్తూ లాస్ ఏంజెలెస్‌లో దిగిన ఓ ఆస్ట్రేలియా మహిళను, బసకు బదులుగా పిల్లుల్ని చూసుకోబోతోందని తెలిసి అధికారులు వెనక్కి పంపేశారు. ఉచిత బస కూడా జీతమేనట!

పేరయ్యకు తెలిసిన రహస్యం

ఇక అసలు సంగతి. హైదరాబాదు, బెంగళూరుల్లో పెట్ సిట్టర్లు, బోర్డింగులు దొరుకుతాయి. ద్రాక్షారామం పిన్‌కోడ్ కొట్టి చూస్తే? చూసుకునేవాళ్ళు కనిపించాలంటే కుక్కలున్న ఇళ్ళు చాలా నమోదు కావాలి. ఇళ్ళు నమోదు కావాలంటే చూసుకునేవాళ్ళు కనపడాలి. పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదన్న సామెతే.

ఇలాంటి జతకూర్చే సంతల మీద పనిచేసినందుకు ఆల్విన్ రోత్‌కు 2012లో లాయిడ్ షాప్లీతో కలిపి ఆర్థిక నోబెల్ ఇచ్చారు. రోత్ చెప్పేవి మూడు. సంతకు జనం రావాలి. వచ్చినవాళ్ళు ఒకర్నొకరు తొక్కుకోకుండా ఎంచుకునే వ్యవధి ఉండాలి. నిజం చెప్పినవాడు నష్టపోకూడదు. మన పెళ్ళిళ్ళ పేరయ్యలకు ఈ మూడూ నోబెల్ రాకముందే తెలుసు. పేరయ్య రాష్ట్రమంతా తిరగడు. పది ఊళ్ళు, రెండు మూడు వందల గడపలు. ఆ గడపల్లో ఎవరి సంగతేమిటో క్షుణ్ణంగా తెలుసు. పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లు కూడా ఈ పాఠం త్వరగానే నేర్చాయి. భారత్ మ్యాట్రిమొని భాషకొకటి చొప్పున విడిపోయి తెలుగు మ్యాట్రిమొని లాంటివి పెట్టింది. అంతటితో ఆగక ఊళ్ళలో ఆఫీసులూ తెరిచింది.

కుక్కల సైటు కూడా దేశమంతా ఒకేసారి పరుచుకోవాలని చూస్తే పలుచనైపోతుంది. ద్రాక్షారామం, రామచంద్రపురం, కాకినాడ, రాజమండ్రి... ఈ చుట్టూ ఓ వందమందిని పట్టుకుంటే చాలు. వాళ్ళెక్కడ దొరుకుతారంటే, పశువైద్యుడి దగ్గరే. టీకా వేయించడానికి క్రమం తప్పకుండా వచ్చేదెవరో, కుక్క కరుస్తుందేమోనని మూతి కట్టకుండానే పట్టుకోగలిగేదెవరో ఆయనకు తెలిసినట్టు ఏ కంప్యూటరుకూ తెలీదు. రిటైరైన మాస్టార్లు, పిల్లలు దూరంగా ఉన్న దంపతులు, గదులు దొరక్క ఇబ్బందిపడే చదువుకునే కుర్రాళ్ళు - వీళ్ళకు ఇంటి పట్టున ఉండే పని కలిసొస్తుంది.

మరో చిత్రముంది. సంక్రాంతికి హైదరాబాదు సగం ఖాళీ. ఆ నాలుగు రోజులూ అక్కడ కుక్కను చూసుకునే మనిషి కావాలి, కానీ ఆ చూసుకునే మనిషి కూడా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లోనో, కాకినాడ బస్సులోనో ఉంటాడు. ఇక్కడేమో పండక్కి ఇల్లు కిటకిట, కుక్కకు ఏ లోటూ లేదు. ఇక్కడి ఇళ్ళు ఖాళీ అయ్యేది పురుళ్ళప్పుడూ, వేసవిలోనూ. కాబట్టి హైదరాబాదుకూ ద్రాక్షారామానికీ ఒకే నియమం పనికిరాదు. పండగ బుకింగులు రెండు నెలల ముందే తెరవడం, అనుకున్న మనిషి రాలేకపోతే మరొకర్ని పంపే బాధ్యత సైటే తీసుకోవడం - నగరానికి ఇవి కావాలి. డెల్టాకి కావాల్సింది ఆరు నెలల కాపురానికి ఇద్దరు ముగ్గురు వంతులవారీగా ఉండే ఏర్పాటు.

అందరికీ అయిదు చుక్కలే

సైట్లన్నీ గొప్పగా చెప్పుకునేది రేటింగు. అయిదు నక్షత్రాలుంటే కళ్ళు మూసుకుని తాళం ఇచ్చేయొచ్చా? బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ఎయిర్‌బీఎన్‌బీ ఇళ్ళను పరిశీలిస్తే దాదాపు 95 శాతానికి సగటున నాలుగున్నర, అయిదు నక్షత్రాలే ఉన్నాయి. అందరూ మంచివాళ్ళని కాదు. మనం తిడితే వాళ్ళూ తిడతారన్న భయం. ఆ భయం పోగొట్టడానికే ఎయిర్‌బీఎన్‌బీ 2014లో ఓ మార్పు చేసింది. ఇద్దరూ రాశాకే, లేదా గడువు ముగిశాకే ఎవరేం రాశారో బయటపెడుతుంది. కుక్కల సైటుకు ఇది తప్పనిసరి. ఎందుకంటే తిండి పెట్టారో లేదో చెప్పాల్సిన అసలు సాక్షికి నోరు లేదు.

నక్షత్రాలకంటే సూటి ప్రశ్నలు నయం. కుక్క బరువు తగ్గిందా? ఎన్ని రాత్రులు ఇంట్లో మనిషి పడుకున్నాడు? మళ్ళీ ఇదే మనిషిని పిలుస్తారా? ఈ మూడింటికీ అవును, కాదు అని చెప్పమంటే మొహమాటానికి చోటు తక్కువ.

ఆధార్ కార్డు, పోలీసు ధ్రువపత్రం చూడాల్సిందే. ఆ ధ్రువపత్రం చెప్పేది మాత్రం కేసుల సంగతే. బీరువాలో బంగారం, పొలం దస్తావేజులు ఉన్న ఇల్లు కదా, అవి బ్యాంకు లాకర్లో పెట్టుకుని వెళ్ళడమే ఇద్దరికీ మర్యాద. మనిషి ఎలాంటివాడో తెలియాలంటే యజమానులు ఊళ్ళో ఉండగానే రెండు రాత్రులు ఇంట్లో ఉంచి చూడాలి. ఆ రెండు రాత్రులకూ సైటే డబ్బివ్వాలి. అలా ఇస్తే సైటుకు మిగిలేదేముందంటారా? అక్కడే ఈ వ్యాపారానికి పాత జబ్బొకటి ఉంది. మొదటిసారి సైటులో కలుస్తారు, రెండోసారి ఫోన్లో మాట్లాడేసుకుంటారు. కమీషన్ ఎగిరిపోతుంది. నంబర్లు దాచిపెట్టి దీన్ని ఆపడం అయ్యే పనికాదు, గోదావరి జిల్లాల్లో అసలే కాదు. కుక్క కరిస్తే, జబ్బు చేస్తే, మధ్యలో మనిషి మారాల్సొస్తే చూసుకునే పూచీ సైటు దగ్గరుంటేనే రెండోసారీ సైటుకొస్తారు.

ద్రాక్ష మాత్రం పెట్టొద్దు

ఇంకో లోపం చిన్నదే, ప్రాణం మీదికి తెచ్చేది. ఈ సైట్లు కుక్క గురించి అడిగే కాగితం ఇంగ్లీషు ఇళ్ళకు తయారైంది. రోజుకెన్ని కప్పుల పెడిగ్రీ, ఏ పార్కు... అని. ఇక్కడి కుక్కలు తినేది పెరుగన్నం, పాలన్నం, ఆదివారం కోడికూర ఎముకలు. కాగితం తెలుగులో ఉండాలి. చదవలేనివాళ్ళకు యజమాని గొంతుతోనే రికార్డయి ఉండాలి. అందులో కొన్ని సంగతులు కొట్టొచ్చినట్టు కనపడాలి. వండిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి, కాబట్టి కూర కలిపిన అన్నం వద్దు. చాక్లెట్ వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. అంటే పండగ పరమాన్నం ప్రసాదంగా కూడా పెట్టకూడదు. ఊరి పేరులో ద్రాక్ష ఉంది కదా అంటే, అది దక్షుడి ఆరామం. దక్షారామమే జనం నోట ద్రాక్షారామమైంది. భీమేశ్వరుడికీ ద్రాక్షతోటలకీ ఏ సంబంధమూ లేదు.

దీపావళి రాత్రి టపాకాయల మోతకు పారిపోయిన కుక్క ఎటువైపు వెళ్తుంది, ఏ పేరుతో పిలిస్తే వస్తుంది అన్నదీ రాయాలి. వానాకాలం చేలగట్ల మీద పాములుంటాయి, చీకట్లో విప్పకూడదు. కుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బుతో ధారగా కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని మనుషులకూ చెప్పాలి. ఇంట్లో గేదె కూడా ఉంటే 1962 నంబరు రాసిపెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో సంచార పశువైద్య అంబులెన్సులు 2022లో ఆ నంబరుతోనే మొదలయ్యాయి.

ఇక వీడియో కాల్. డల్లాస్‌లో పొద్దున్న, ఇక్కడ రాత్రి. ఫోను పట్టుకుని పేరు పెట్టి పిలిస్తే కొన్ని కుక్కలు తెర వంక చూడవు, గేటు వంక పరిగెడతాయి. తర్వాత రాత్రంతా అక్కడే. అందుకే మొదటి రెండు వారాలు పిలవకుండా, ఊరికే చూసి పెట్టేయడం మేలు. అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీలో గ్రెగొరీ బెర్న్స్ బృందం కుక్కల మెదడును స్కానింగ్ చేసి, తెలిసిన మనిషి వాసన తగిలితే ఆనందానికి సంబంధించిన భాగం చురుగ్గా స్పందిస్తుందని గమనించింది. ఆ మనిషి ఎదురుగా లేకపోయినా సరే. కాబట్టి ప్రయాణం ముందురోజు బట్టలన్నీ ఉతికేసినా, ఓ పాత లుంగీ, ఓ చీర మాత్రం ఉతక్కుండా అరుగు మీద వదిలి వెళ్ళాలి. చూసుకోవడానికొచ్చిన మనిషికి వాటిని ఉతకొద్దని మరీ మరీ చెప్పాలి.