ప్రార్థన చేసిన చోటే పిలుపు వచ్చింది

సంఘ కాపరి రాజకీయాల్లోకి వెళ్లవచ్చా? ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో ఈ ప్రశ్న వినిపిస్తుంది. జవాబు వెతికే ముందు, అమెరికా సెనేట్‌లో తొలి నల్లజాతి సభ్యుడైన హైరమ్ రోడ్స్ రెవెల్స్ జీవితాన్ని చూద్దాం.

ఆయన 1827లో నార్త్ కరోలినాలోని ఫయెట్‌విల్‌లో పుట్టారు. చుట్టూ బానిసత్వం ఉన్నా ఆయన కుటుంబం స్వతంత్రులది. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘంలో సేవకుడై అనేక రాష్ట్రాల్లో సువార్త ప్రకటించారు. నల్లవారికి వాక్యం బోధించినందుకు 1854లో మిస్సోరిలో జైలుకు వెళ్లారు. అంతర్యుద్ధ కాలంలో సైనికుల మధ్య చాప్లిన్‌గా పరిచర్య చేశారు.

1870 జనవరిలో మిసిసిపీ శాసనసభ సమావేశాలను ఆయన ప్రార్థనతో ప్రారంభించారు. అప్పట్లో సెనేటర్లను శాసనసభ్యులే ఎన్నుకునేవారు. ఆ ప్రార్థనే ఆయనను సెనేటర్‌ను చేసిందని తోటి నాయకుడు జాన్ ఆర్. లించ్ తర్వాత రాశారు.

వాషింగ్టన్‌లో మాత్రం తలుపు వెంటనే తెరుచుకోలేదు. సెనేటర్ కావాలంటే తొమ్మిదేళ్లుగా దేశ పౌరుడై ఉండాలి. నల్లవారు పౌరులు కారని 1857లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వారికి పౌరసత్వం ఇచ్చిన చట్టం 1866లో వచ్చింది. కాబట్టి అదే గడ్డ మీద పుట్టిన రెవెల్స్‌కు అర్హత లేదని ప్రత్యర్థులు వాదించారు. చివరికి ఫిబ్రవరి 25న 48–8 ఓట్లతో సెనేట్ ఆయనను చేర్చుకుంది.

ఆయన తొలి ప్రసంగం జార్జియా శాసనసభ బయటికి నెట్టిన నల్లజాతి సభ్యుల పక్షాన సాగింది. వాషింగ్టన్ పాఠశాలల్లో పిల్లలను రంగును బట్టి వేరుచేయడాన్ని కూడా ఎదిరించారు. అదే సమయంలో, దేశానికి విధేయత చూపే మాజీ తిరుగుబాటుదారులకు హక్కులు తిరిగి ఇవ్వాలని కోరారు. నిన్నటిదాకా బానిసత్వం కోసం పోరాడినవారిపై చూపిన కనికరం అది.

ఆయన నిర్ణయాలన్నీ అందరూ మెచ్చినవి కావు. 1875లో మిసిసిపీలో నల్లవారి ఓటును హింసతో అణచివేశారు. ఆ తర్వాత కూడా ఆయన తన పార్టీ నాయకులనే తప్పుపడుతూ అధ్యక్షుడు గ్రాంట్‌కు ఉత్తరం రాశారు. సమాధానం కోరుకునేవారు అన్యాయాన్ని చిన్నది చేసి చూసే ప్రమాదం ఉందని ఇది మనకు గుర్తుచేస్తుంది.

సెనేట్‌లో ఆయన ఉన్నది సుమారు ఏడాది. తర్వాత నల్లజాతి యువకుల కోసం స్థాపించిన ఆల్కార్న్ కళాశాలకు తొలి అధ్యక్షుడయ్యారు. 1901లో ఒక సంఘ సమావేశంలో ఉండగా కన్నుమూశారు.

పదవి కోసం మన దగ్గరకు వచ్చే సేవకులను మనం రెండు మాటలు అడగాలి: అక్కడ ఎవరి పక్షాన నోరు విప్పుతారు? పదవి పోయిన మర్నాడు ఎక్కడ పనిచేస్తారు? రెవెల్స్ దగ్గర ఈ రెండింటికీ జవాబు ఉంది.