సహోద్యోగుల వివాద ఉపశమన శిక్షణ

తోటివారితో తలెత్తిన వాగ్వాదం ముదరకముందే దానిని చల్లార్చే పద్ధతులను ఉద్యోగులకు నేర్పడాన్ని సహోద్యోగుల వివాద ఉపశమన శిక్షణ అంటారు.

2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం 20 మంది లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యజమాని, కార్మికుల ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉంటారు. హైదరాబాదు పాతబస్తీలోని లాడ్ బజారు లక్క గాజులకు ప్రసిద్ధి. ఆ గాజులు చేసే చిన్న కార్ఖానాలలో 20 మంది లేనిచోట ఈ నిబంధన వర్తించదు. తగవును ఆపవలసినది పక్కన కూర్చున్నవారే.

లక్క వేడి తగ్గకముందే రాళ్ళు పొదగాలి. ఒకరు ఆలస్యం చేస్తే మరొకరి పని చెడి, మాటలు పెరగవచ్చును. అట్టి సమయంలో పాటించవలసినవి:

* చేతిలోని వేడి పనిని ముందు పక్కన పెట్టడం
* గొంతు తగ్గించి, ఎదుటివారి మాట పూర్తిగా వినడం
* మనిషిని నిందించక, జరిగిన పనిని మాత్రమే ప్రస్తావించడం
* పదిమందిలో కాక విడిగా మాట్లాడడం

బెదిరింపు, వేధింపు జరిగినప్పుడు మాత్రం బాధితులను సర్దుకుపొమ్మనడం ఉపశమనం కాదు. ఫిర్యాదు చేయడానికి వారికి తోడ్పడాలి.