వడ్డీ లేని బ్యాంకుకు తలుపు తెరిచిన వర్తకుడు

దుబాయి వర్తకులు, సంఘసేవకులు హాజీ సయీద్ బిన్ అహ్మద్ ఆల్ లూతా 2020 జూన్ నెలాఖరున ఇహలోకాన్ని వీడారు. అప్పటికి ఆయన వయస్సు 97 ఏళ్లు. కరోనా రోజులు కావడం వల్లనేమో, ఆ వార్త మన ప్రాంతంలో అంతగా వినిపించలేదు. పొట్టకూటికి దుబాయి వెళ్లిన మన కరీంనగర్, నిజామాబాద్, కడప సోదరులకు ఆయన స్థాపించిన దుబాయి ఇస్లామిక్ బ్యాంకు బోర్డు మాత్రం చిరపరిచితమే. ఆ బోర్డు వెనుక ఉన్న మనిషిని మన కుటుంబాలకు పరిచయం చేయడం మా విధి అని భావిస్తున్నాము.

ఆయన పుట్టిన 1923 నాటికి దుబాయిలో చమురు లేదు, సముద్రమే జీవనాధారం. గల్ఫ్ సముద్రపు ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాదు దాకా వచ్చేవి. మన పెద్దలు బస్రా ముత్యాలని మురిసిపోయినవి అవే. వాటి కోసం సముద్రంలో మునిగే కూలీల బ్రతుకు మాత్రం అప్పులమయం. సీజనుకు ముందే ఇంటి ఖర్చులకు నౌక నాయకుని వద్ద బయానా తీసుకొనేవారు. ఆ నాయకుడు వర్తకుని వద్ద అప్పు చేసేవాడు. దొరికిన ముత్యాలు చాలకపోతే బాకీ మరుసటి ఏటికి, తండ్రి మరణిస్తే కొడుకు నెత్తికి! జపాను సాగు ముత్యాలు, 1929 నాటి ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చివేశాయి. సయీద్ లూతా పెరిగింది ఆ కాలంలోనే. అప్పు మనిషిని ఎలా కట్టిపడేస్తుందో ఆయనకు పుస్తకాలు నేర్పవలసిన అవసరం ఉండి ఉండదు.

1956లో సోదరునితో కలిసి ఆయన భవన నిర్మాణ సంస్థ ప్రారంభించారు. 1975 మార్చిలో బ్యాంకును స్థాపించారు. వడ్డీ లేని రుణం అప్పటికి కొత్త ఆలోచనేమీ కాదు. మన హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ అటువంటి రుణ సంఘాల గురించి ఎన్నడో వ్రాశారు. ఈజిప్టులోని మిత్ గమ్ర్‌లో 1963లోనే ఒక పొదుపు బ్యాంకు వెలిసింది. అయితే సకల లావాదేవీలు జరిపే వాణిజ్య బ్యాంకును వడ్డీ లేకుండా నిలబెట్టే సాహసానికి పూనుకొన్న తొలితరం వారిలో ఈ వర్తకుడు అగ్రగణ్యుడు.

దాని పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒక దర్జీకి కుట్టు మిషను కావాలనుకుందాం. బ్యాంకు అతనికి రొక్కం ఇవ్వదు. మిషను తానే కొని, కొంత లాభం కలిపి, వాయిదాల మీద అతనికి అమ్ముతుంది. ధర ముందే ఖరారు. వాయిదా తప్పినా ఆ ధర పెరగదు. ఇది పేరు మార్చిన వడ్డీయే కదా అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. మార్కెట్టు వడ్డీ రేటునే కొలబద్దగా పెట్టుకొని లాభం నిర్ణయించే బ్యాంకులను ముస్లిం పండితులే విమర్శించారు. కానీ పెరగని బాకీకీ, రాత్రికి రాత్రి పెరిగే బాకీకీ ఉన్న తేడా ఏమిటో డైలీ ఫైనాన్సుకు చిక్కిన మన ఇల్లాళ్లను అడిగితే చెబుతారు.

ఆ బ్యాంకు ప్రయాణం ఒడుదుడుకులు లేకుండా సాగలేదు. 1990లలో ఒక విదేశీ మోసగాడు మేనేజరును వలలో వేసుకొని 24 కోట్ల డాలర్లకు పైగా కాజేశాడు. దుబాయి ప్రభుత్వం అండగా నిలవవలసి వచ్చింది. సదుద్దేశంతో పెట్టిన సంస్థకు కూడా లెక్కల తనిఖీ తప్పదు మరి!

మన దేశంలో ఇటువంటి బ్యాంకుకు చట్టం వీలు కల్పించలేదు. ఆ ప్రతిపాదనను ఇక ముందుకు తీసుకువెళ్లబోమని రిజర్వు బ్యాంకు 2017లో తేల్చి చెప్పింది. కనుక మనకున్నవి బైతుల్ మాల్‌లు, వడ్డీ లేని పరపతి సంఘాలు మాత్రమే. వాటి చేతిలో ఉన్న నిధికి, వాటి వాకిట నిలిచిన అవసరానికి పొంతన లేదు.

అయినా మా దృష్టిలో బ్యాంకు కంటే మిన్న అయిన పని మరొకటుంది. 1986లో హాజీ సాహెబ్ కేవలం ఆడపిల్లల కోసం దుబాయిలో వైద్య కళాశాల ప్రారంభించారు. ఆ దేశంలో వైద్య పట్టా ఇచ్చిన తొలి ప్రైవేటు కళాశాల అదే. కాన్పుకు మహిళా డాక్టరే కావాలని పట్టుబట్టి, తమ ఇంటి అమ్మాయిని మాత్రం ఇంటర్‌తో చదువు మాన్పించే పెద్దలు మనలో ఎందరో! ఆయన ఆ పొరపాటు చేయలేదు. కొన్నేళ్లకు ఔషధ శాస్త్ర కళాశాల కూడా వెలిసింది. అనాథ బాలల కోసం ఆయన నెలకొల్పిన సంస్థ కూడా ఉంది.

అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించి, ఆయన సేవలను స్వీకరించుగాక! ఆమీన్.