వేడి రొట్టె ఎవరికి?

జపాను భాషలో 'తెప్పన్' అంటే ఇనుప పలక, 'యాకి' అంటే కాల్చినది. తెప్పన్‌యాకి హోటళ్ళలో ఆ పలక చుట్టూనే అతిథులను కూర్చోబెడతారు. వంటవాడు వారి కళ్ళెదుటే మాంసం, కూరగాయలు కాల్చి వేడివేడిగా వడ్డిస్తాడు. 1945లో కోబే నగరంలోని మిసోనో హోటలు ఈ పద్ధతిని ప్రారంభించిందని చెబుతారు. 1964లో హిరోఆకి ఆవోకి న్యూయార్కులో బెనిహానా తెరిచి, అమెరికావారికి దీనిని రుచి చూపించాడు.

పెనం మీదనుండి నేరుగా పళ్ళెంలోకి రావడం వికారాబాదు, తాండూరు పల్లెలకు కొత్త కాదు. వేడినీళ్ళతో జొన్నపిండి కలిపి, చేత్తో తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో నీళ్ళద్ది తిప్పితే రొట్టె సిద్ధం. తోడుగా, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందుల పప్పు!

అయితే ఒక తేడా ఉంది. అక్కడి వంటవాడికి జీతమూ, మెప్పూ దొరుకుతాయి. మన ఇళ్ళలో రొట్టెలు తట్టే తల్లి మాత్రం అందరూ తిని లేచాక, చల్లారినది తింటుంది. జొన్నరొట్టె చల్లారితే గట్టిపడుతుంది గదా!

తండ్రులారా, బిడ్డలారా! ఈ రాత్రి రెండు రొట్టెలు మీరు తట్టండి. తట్టడం రాకపోతే, కాల్చడమైనా అందుకోండి. మొదటి వేడి రొట్టె అమ్మ పళ్ళెంలో వేయండి.